తక్కెడ ఎవరి చేతిలో ఉంది?

పోయినేడు శ్రమదినాల్లో మా ఊరి చర్చిలో స్త్రీల కూటానికి అక్కతో కలిసి వెళ్ళాను. పట్నం నుంచి వచ్చిన ప్రసంగీకుడు ఆ రోజు తీసుకున్న అంశం ‘విశ్వాసం, హేతువు: సమతూకం ఎలా?’ బోర్డు మీద సుద్దముక్కతో తక్కెడ బొమ్మ గీశాడు. ఒక పళ్ళెంలో విశ్వాసం, ఇంకో పళ్ళెంలో హేతువు. రెండూ సమానంగా ఉండాలన్నాడు. వినడానికి బాగానే ఉంది. ఆ తర్వాత ఆయన ఇచ్చిన ఉదాహరణలే నాచేత ఈ వ్యాసం రాయిస్తున్నాయి. హేతువు ఎక్కువైతే ఏమవుతుందో చెప్పడానికి చదువుకున్న కోడలి కథ చెప్పాడు. విశ్వాసం ఎక్కువైతే ఏమవుతుందో చెప్పడానికి ఏ కథా చెప్పలేదు. అంటే ఆయన తక్కెడలో ఆడవాళ్ళ విశ్వాసం ఎంత పోసినా ఇంకా తక్కువే.

చివర్లో ప్రశ్నలేమన్నా ఉన్నాయా అని అడిగాడు. అది మర్యాదకి అడిగేది. ఎవరూ అడగరని ఆయనకీ తెలుసు, మాకూ తెలుసు. మా అక్క చెయ్యెత్తింది.

మా అక్క సంగతి ఆ గదిలో అందరికీ తెలుసు. బావ కొడతాడు. పదకొండేళ్ళ నుంచీ కొడుతున్నాడు. మొదటిసారి చెయ్యి విరిగినప్పుడు అప్పటి పాస్టరుగారు ఇరవైఒక్క రోజులు ఉపవాసముండి భర్త మారుమనసు కోసం ప్రార్థించమన్నారు. అక్క ఉంది. తర్వాత మరో రెండుసార్లు ఉంది. ఆ రోజు లేచి నిలబడి, కొంగు తలమీదకి సర్దుకుని, ‘అయ్యగారూ, నేను ఇరవైఒక్క రోజుల ఉపవాసం మూడుసార్లు ఉన్నానండీ. ఆయన్ని ఒక్కపూటన్నా ఉండమని ఎవరన్నా చెప్పారా?’ అని అడిగింది.

వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. ప్రసంగీకుడు నవ్వలేదు. ‘అమ్మా, నీ విశ్వాసం బలహీనపడుతోంది. సాతాను వేసే మొదటి గాలం ప్రశ్నే. ఏదెను తోటలో కూడా అంతా ప్రశ్నతోనే మొదలైంది’ అన్నాడు. అందరినీ కళ్ళు మూసుకోమన్నాడు. ముగింపు ప్రార్థన అయిపోయింది.

నేను సాహిత్యంలో పరిశోధన చేసినదాన్ని. ఒక పాఠంలో ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరిచేత మాట్లాడించడం లేదు అని చూడటం నా వృత్తి. ఆ తక్కెడ బొమ్మని కూడా అలాగే చూశాను. విశ్వాసానికీ హేతువుకీ మధ్య సమతూకం అన్నప్పుడు, తూచేవాడు ఎవడు అన్న ప్రశ్న ఎందుకు రాదు? మా సంఘంలో లెక్కలు చూసేది కమిటీ, కమిటీలో మగవాళ్ళు. వాక్యానికి అర్థం చెప్పేది వేదాంత కళాశాలలో చదివినవాళ్ళు, వాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళు. స్థలం కొనాలా, గోడ కట్టాలా, పాస్టరుని మార్చాలా, ఇవన్నీ ఆలోచించి, వాదించి, ఓటేసి తేల్చే సంగతులు. అక్కడ హేతువుకి లోటు లేదు. ఉపవాసం, కన్నీళ్ళు, సాక్ష్యం, తెల్లవారుజాము ప్రార్థన, పిడికెడు బియ్యం తీసిపెట్టడం, ఇవన్నీ ఆడవాళ్ళ వాటా. విశ్వాసాన్నీ హేతువునీ ఒక మనిషిలో కలిపి తూచడం లేదు. రెండింటినీ ఇద్దరికి పంచిపెట్టారు. పంచిపెట్టి, ఆ పంపకానికే సమతూకం అని పేరు పెట్టారు.

ఇది మా ఊరి చర్చికే పరిమితమైన తెలివి కాదు. పోప్ రెండవ జాన్ పాల్ 1998లో విశ్వాసం, హేతువుల మీదే ఒక పెద్ద లేఖ రాశాడు. మనిషి సత్యం వైపు వెళ్ళడానికి రెండూ కావాలని అందులో వాదించాడు. నేను శ్రద్ధగా చదివాను. చాలాచోట్ల మంచి వాదన. అయితే అదే పోప్ అంతకు నాలుగేళ్ళ ముందు, 1994లో, స్త్రీలకు గురుపట్టం ఇచ్చే అధికారం సంఘానికి లేదనీ, ఈ నిర్ణయాన్ని విశ్వాసులందరూ ఖాయంగా స్వీకరించాలనీ ప్రకటించాడు. విశ్వంలో దేని గురించైనా హేతువుతో ఆలోచించవచ్చు, ఆ ఒక్కటి తప్ప! ఇక ప్రొటెస్టెంట్లం మేము గొప్పా అంటే, దక్షిణ ఇండియా సంఘం 1947లో ఏర్పడితే, అందులో ఒక స్త్రీ బిషప్ కావడానికి 2013 దాకా పట్టింది. ఆమె మన నంద్యాల డయాసిస్‌కి అప్పుడు బిషప్ అయిన పుష్పలలిత గారు. ఆ వార్త విన్న రోజు మా అమ్మ పక్కింటివాళ్ళకి కూడా పాయసం పంచింది. ఇంకా ఎన్నో సంఘాల్లో స్త్రీ వేదిక ఎక్కేది పాట పాడటానికో, సాక్ష్యం చెప్పడానికో మాత్రమే.

మా అక్క లాంటివాళ్ళకి ఈ పంపకం వల్ల జరిగిన నష్టం ఉపన్యాసాలతో ఆగలేదు. చట్టంలోకి ఎక్కింది. 1869 నాటి విడాకుల చట్టం కింద క్రైస్తవ భర్త భార్య వ్యభిచారం ఒక్కటి రుజువు చేస్తే చాలు, విడాకులు వచ్చేవి. భార్యకి అది చాలదు. భర్త వ్యభిచారంతో పాటు క్రూరత్వమో, రెండేళ్ళు వదిలేసి పోవడమో కూడా రుజువు చెయ్యాలి. కొట్టడం ఒక్కటే కారణంగా చూపిస్తే విడాకులు లేవు. ఎముకలు విరిగినా సరే, భర్త ఇంకో స్త్రీ జోలికి పోకపోతే ఆ పెళ్ళి పవిత్రమే! ఈ చట్టాన్ని ఏ మోషే కొండమీద నుంచీ తేలేదు. విక్టోరియా కాలపు ఇంగ్లండు చట్టాన్ని చూసి రాసుకున్నారు. అక్కడ వ్యభిచారం విషయంలో భార్యాభర్తల తేడాని 1923లో తీసేశారు. క్రూరత్వాన్ని 1937లో కారణంగా చేర్చారు. ఇక్కడ క్రైస్తవ స్త్రీలు ఏళ్ళ తరబడి అడిగితే, 1995లో కేరళ హైకోర్టు కొంత కొట్టేస్తే, చివరికి 2001లో పార్లమెంటు సవరించింది. నూటముప్ఫై రెండేళ్ళు. తెల్లదొరలు తమ దేశంలో వదిలేసుకున్న చట్టాన్ని మన ఆడవాళ్ళు విశ్వాసం పేరుమీద మోశారు. కేరళలో మేరీ రాయ్ తన తండ్రి ఆస్తిలో సమాన వాటా కోసం పోరాడి 1986లో సుప్రీంకోర్టులో గెలిచినప్పుడు కూడా చర్చిల నుంచి అభ్యంతరాలు వచ్చాయి. 1916 నాటి తిరువాన్కూర్ చట్టం కూతురికి ఇచ్చింది కొడుకు వాటాలో నాలుగోవంతు లేదా ఐదువేల రూపాయలు, రెండింట్లో ఏది తక్కువైతే అది. ఈ లెక్కలో దైవం ఎక్కడున్నాడో నాకు చూపించండి. కనబడేది మగవాడి హేతువే, చాలా జాగ్రత్తగా లెక్కలు వేసిన హేతువు.

అందుకే నాకు పండిత రమాబాయి అంత ఇష్టం. ఆమెని మన స్త్రీవాదులు సంస్కర్తగా గుర్తుపెట్టుకున్నారు. చర్చి ఆమెని భక్తురాలిగా గుర్తుపెట్టుకుంది. ఆమె వాదించిన మనిషి అన్న సంగతిని ఇద్దరూ కాస్త మరిచిపోయారు. ఆమె జీవితం మన నేలకి కూడా తగిలింది. తండ్రితో, తల్లితో, అన్నతో, అక్కతో కలిసి పుణ్యక్షేత్రాలు తిరుగుతూ, చేతిలో ఉన్నదంతా దేవుళ్ళకీ బ్రాహ్మలకీ ఇచ్చేసి, కరువులో తిండిలేక ఆ కుటుంబం తిరుపతి ప్రాంతపు అడవుల్లో ఆకులు తిని బతికింది. విశ్వాసం తమని ఎంత ఖాళీ చేసిందో ఆమె అప్పుడే చూసింది. తల్లి, తండ్రి, అక్క కొద్దికాలంలోనే పోయారు. అలాంటి మనిషి 1883లో ఇంగ్లండు వెళ్ళి, అక్కడ వాంటేజ్‌లో ఆంగ్లికన్ సన్యాసినుల మఠంలో బాప్తిస్మం తీసుకుంది.

తీసుకున్న మరునాటి నుంచే తగాదా మొదలైంది. తనకి జ్ఞానస్నానపు తల్లిగా ఉన్న సిస్టర్ జెరాల్డిన్‌తో రమాబాయి నడిపిన ఉత్తరాలు 1977లో పుస్తకంగా వచ్చాయి. నా పరిశోధన రోజుల్లో వాటిని లైబ్రరీలో కూర్చుని చదువుతుంటే నవ్వూ వచ్చింది, కన్నీళ్ళూ వచ్చాయి. త్రిత్వం నాకు అర్థం కావడం లేదు, వివరించండి అంటుంది రమాబాయి. వినయం నేర్చుకో అంటుంది జెరాల్డిన్. శిలువ మీద లాటిన్ మాటలెందుకు, నాకు తెలియని భాషలో రాసింది నేనెందుకు ధరించాలి, సంస్కృతంలో ఉంటే ఏం అంటుంది. అది గర్వం అంటారు. చెల్టెన్‌హామ్ కాలేజీలో మగ విద్యార్థులకి పాఠం చెప్పే ప్రస్తావన వస్తే, అది తగదని ఇండియాలోని బిషప్పులు అడ్డుచెప్పారు. నా దేశంలో మగవాళ్ళ సభల్లో శాస్త్రార్థం చేసి వచ్చినదాన్ని, నాకేది తగునో మీరెవరు నిర్ణయించడానికి అని నిలదీసింది. మన పురోహితుల కాడి కిందనుంచి ఎంతో కష్టపడి మెడ బయటికి తీసుకున్నాను, మళ్ళీ ఇంకో పురోహితుల కాడి కింద పెట్టను అన్నది ఆ ఉత్తరాల సారాంశం.

గమనించండి, ఆమె క్రీస్తుని వదిలెయ్యలేదు. అదే నాకు ముఖ్యం. ఆమె వదలనిది రెండు: క్రీస్తుని, తన బుద్ధిని. తిరిగొచ్చి 1889లో బొంబాయిలో శారదా సదన్ పెట్టింది. ఆ తర్వాత కేడ్‌గావ్‌లో ముక్తి మిషన్. విధవలు, కరువులో అనాథలైన ఆడపిల్లలు అక్కడ చదువుకున్నారు, అచ్చుపని కూడా నేర్చుకున్నారు. హీబ్రూ, గ్రీకు నేర్చుకుని ఆమె బైబిల్ని మరాఠీలోకి అనువాదం చేసింది. తనకి వాక్యం చెప్పే మగవాడి మీద ఆధారపడకుండా మూలభాషల్లోకే వెళ్ళిపోయింది. అయితే ఆమెని నేను సుద్దముక్కతో గీసిన బొమ్మలా మార్చదల్చుకోలేదు. 1905 నాటి ఉజ్జీవపు రోజుల్లో ముక్తిలో రాత్రింబవళ్ళు నడిచిన ప్రార్థనల గురించి చదివినప్పుడు నాకు ఇబ్బందిగానే ఉంటుంది. జెరాల్డిన్‌తో వాదించిన రమాబాయి ఎక్కడికి పోయిందని అనిపిస్తుంది. బహుశా ఎక్కడికీ పోలేదు. నా పరిశోధనకి సరిపడేలా బతకాల్సిన బాకీ ఆమెకి లేదు.

ఇప్పుడు ఏదెను దగ్గరికి వస్తాను. ప్రశ్న సాతానుది అన్న ప్రసంగీకుడు మత్తయి సువార్త పదిహేనో అధ్యాయం చదివే ఉంటాడు. కనాను స్త్రీ ఒకామె కూతురి కోసం యేసు దగ్గరకొచ్చి కేకలు పెడుతుంది. ముందు ఆయన జవాబే చెప్పడు. శిష్యులు ఆమెని పంపించెయ్యమంటారు. అప్పుడు ఆయన పిల్లల రొట్టె కుక్కపిల్లలకి వెయ్యడం తగదంటాడు. ఎంత కటువైన మాట! మా పల్లెల్లో పుట్టినవాళ్ళకి ఆ మాట ఎలా తగులుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఆమె ఏడ్చి వెళ్ళిపోలేదు. ఇరవైఒక్క రోజులు ఉపవాసమూ ఉండలేదు. ఆయన చెప్పిన పోలికనే పట్టుకుని, బల్ల కింద పడే ముక్కలు కుక్కపిల్లలే కదా తినేది అని ఎదురు వాదించింది. వాదనలో గెలిచింది కూడా. అప్పుడు యేసు ఆమెలో చూసి మెచ్చుకున్నది దేన్ని? విశ్వాసాన్ని. గొప్ప విశ్వాసం అన్నాడు. ఒక స్త్రీ తర్కాన్నే సువార్త విశ్వాసం అని పిలిచిన చోటు అది. ఇక్కడ రెండు పళ్ళేలు లేవు. ఆమె వాదించింది కాబట్టే విశ్వాసి. వాదించకపోయుంటే కూతురు బాగయ్యేది కాదు.

ఇంకో సంగతి. లూకా చివరి అధ్యాయంలో ఖాళీ సమాధి చూసి వచ్చిన స్త్రీలు చెబితే అపొస్తలులు నమ్మరు, వట్టి మాటలనుకుంటారు. ఆడవాళ్ళు చెప్పినప్పుడు మగవాళ్ళకి అకస్మాత్తుగా సాక్ష్యాధారాలు కావాలి. అదే పాస్టరుగారికి రాత్రి కల వస్తే తెల్లారేసరికి సంఘమంతా నమ్మాలి. తోమా గాయాన్ని ముట్టుకుంటేగాని నమ్మనంటే అతన్ని వెలివెయ్యలేదు. చూపించారు. మా అక్కకి మాత్రం కళ్ళు మూసుకోమని చెప్పారు.

స్త్రీలు సంఘంలో మౌనంగా ఉండాలన్న పౌలు మాటని వేలెత్తి చూపిస్తారు. కొరింథీయులకు రాసిన అదే మొదటి పత్రికలో, మూడు అధ్యాయాల ముందు, స్త్రీలు ప్రార్థన చేస్తున్నప్పుడు, ప్రవచిస్తున్నప్పుడు తలమీద ముసుగు ఉండాలన్నాడు. మౌనంగా ప్రవచించడం ఎలాగో ఎవరన్నా చెప్పండి. ముసుగు మాట మాకు బాగా గుర్తుచేస్తారు, ప్రవచించడం అన్న మాటని మింగేస్తారు. రోమీయుల పత్రిక చివర్లో పౌలు పేరుపెట్టి వందనాలు చెప్పిన యూనీయ స్త్రీయేనని తొలి శతాబ్దాల వ్యాఖ్యాతలు అనుకున్నారు. అపొస్తలులలో పేరున్న మనిషి ఆడది ఎలా అవుతుందని తర్వాతివాళ్ళకి అనుమానం వచ్చింది. ఇరవయ్యో శతాబ్దపు ఇంగ్లీషు అనువాదాలు కొన్ని ఆమెని మగవాణ్ణి చేసేశాయి. ఇది విశ్వాసమా, హేతువా? నా ఉద్దేశంలో రెండూ కాదు. చేతివాటం.

ఇక రెండో పక్క నుంచి వచ్చే దెబ్బ. యూనివర్సిటీలో నా స్నేహితులు, చాలావరకు మంచివాళ్ళు, స్త్రీవాదులు, హేతువాదులు, ‘నువ్వింకా చర్చికి వెళ్తావా?’ అని అడుగుతారు. అడిగే తీరులో జాలి ఉంటుంది. మీ తాతలు గోధుమపిండికి, పాలపొడికి మతం మారారు కదా అన్నవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళకి ఒంగోలు చరిత్ర కొంచెం చెప్పాలి. 1876-78 కరువులో క్లౌ దొర బకింగ్‌హాం కాలవ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకి తీసుకుని జనానికి పని పెట్టించాడు. కూలి కోసం మారారన్న మాట వస్తుందనే కరువు సాయం నడిచినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తగ్గాక 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. ఊళ్ళో చెరువు నీళ్ళు ముట్టనివ్వని మతాన్ని వదిలి, నీళ్ళలోకి దిగమన్న మతాన్ని ఎంచుకోవడం కంటే హేతుబద్ధమైన పని ఏముంటుంది? వాళ్ళకన్నా పుష్కరం ముందు, 1866లో, ఎర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య నాగమ్మ ఆ దారి చూపించారు. వాళ్ళు విచారించి, తిరిగి, అడిగి, తెలుసుకుని మారినవాళ్ళు.

ఆ కథలు మనకి అందించినవాళ్ళలో ఒకరు ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ, దొరగారి రెండో భార్య. డాక్టరేటు చేసిన మనిషి. 1898లో ఆమె పుస్తకం మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద, స్త్రీల హక్కుల మీద. మరుసటి ఏడాది వచ్చిన పుస్తకం మాదిగల మీద, చెప్పులు కుడుతూ చెప్పుకున్న కథల మీద. రెండోదాని పేరులోనే మనవాళ్ళని పరాయిగా చూసే దొరసాని చూపు ఉంది, కాదనను. కానీ స్త్రీల హక్కుల మొదటి వాదనా, మా తాతమ్మల బాప్తిస్మమూ ఒకే బల్లమీద, ఒకే స్త్రీ కలం కింద కొన్నాళ్ళున్నాయన్నది నాకు చిన్న సంగతి కాదు. మత విశ్వాసం ఉన్న స్త్రీ ఆలోచించలేదని అనుకునే నా స్నేహితులకి ఈ రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చూపించాలని ఉంటుంది. మతం మారినందుకు మా వాళ్ళు ఇప్పటికీ మూల్యం చెల్లిస్తున్నారు కూడా. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు దళిత క్రైస్తవుల్ని షెడ్యూల్డు కులాల జాబితా బయట పెట్టింది. సిక్కుల్ని 1956లో, బౌద్ధుల్ని 1990లో చేర్చారు. మమ్మల్ని చేర్చలేదు. చర్చిలో కులం లేదని బయటివాళ్ళు చెబుతారు, లోపల బెంచీల మీద ఎవరెక్కడ కూర్చుంటారో నాకు తెలుసు.

స్వస్థత కూటాల గురించి రాయకపోతే అమ్మ ఊరుకోదు. మూడేళ్ళ క్రితం ఒక మైదానంలో జరిగిన కూటంలో, మాత్రలు మింగడం అవిశ్వాసం అని వేదిక మీద నుంచి ఒకాయన అన్నాడు. అమ్మ షుగరు మాత్రలు ఆపేసింది. మాకు చెప్పలేదు. పన్నెండో రోజు స్పృహ తప్పితే ఆసుపత్రికి తీసుకెళ్ళాం. బతికింది. కోలుకున్నాక వాళ్ళని అడిగితే విశ్వాసం చాల్లేదన్నారట. నయమైతే ప్రార్థన గొప్పదనం, నయం కాకపోతే రోగి లోపం. ఎటు తిప్పినా వేదిక మీదవాడు ఓడిపోని ఏర్పాటు ఇది. ఇదే గుంటూరుకి 1883లో డాక్టర్ అన్నా కుగ్లర్ విశ్వాసంతోనే వచ్చింది. స్త్రీలకి వైద్యం చెయ్యడానికి 1898లో ఆసుపత్రి తెరిచింది. ఆమె రోగుల పక్కన ప్రార్థన చేసేది, మందూ ఇచ్చేది. మందు మానమని చెప్పిన విశ్వాసం మాకు పాత మిషనరీల దగ్గర్నుంచి రాలేదు. ఇది కొత్త సరుకు. ఇలాంటి ప్రచారాల మీద 1954 నుంచీ చట్టం ఉంది. దాన్ని చర్చి మైదానాల దాకా తీసుకొచ్చే ఓపిక ఎవరికీ లేదు.

అక్క ఈ జనవరిలో బావ ఇంటినుంచి వచ్చేసింది. గృహహింస చట్టం కింద కేసు వేసింది. చర్చి మానలేదు. మానమని నేనూ అనలేదు, అడిగే హక్కు నాకెక్కడిది? ఇద్దరం కలిసి సంఘ కమిటీకి ఒక కాగితం రాసిచ్చాం. దెబ్బలు తిని వచ్చిన స్త్రీకి ఉపవాసం చెప్పేముందు ఆమెని ఆసుపత్రికీ, పోలీస్ స్టేషనుకీ తీసుకెళ్ళడం సంఘం బాధ్యతగా రాసుకోవాలని అడిగాం. స్త్రీల కూటంలో వాక్యం చెప్పేది స్త్రీలే కావాలని, చివర్లో ప్రశ్నలకి అరగంట ఉంచాలని కూడా అడిగాం. కాగితం కింద మాతో పాటు పద్నాలుగు మంది సంతకాలు పెట్టారు. వాళ్ళలో ముగ్గురివి వేలిముద్రలు. ఆ రోజు వెనకాల కిసుక్కున నవ్వినామె ఎవరో ఆ సంతకాలప్పుడు తెలిసింది.

కమిటీ నుంచి జవాబు ఇంకా రాలేదు. వచ్చే నెల సర్వసభ్య సమావేశం ఉంది. అక్క అప్పుడే రెండు కాపీలు జిరాక్స్ తీయించి పెట్టింది.